ఉప్పు వెయ్యని మూటమీగడ

వరంగల్, కాశిబుగ్గ
11 మార్చి 1979

చెల్లెలు చిలుకమ్మకు,

మేమంతా బాగానే ఉన్నాం. మీ బావకు మిల్లులో మళ్ళీ పొద్దుటి షిఫ్టు పడింది, అందుకని మా పొయ్యి కోడి కంటే ముందే లేస్తోంది. మామిడికాయ ఇంకా బజారుకు రాలేదు. వచ్చిన రోజే నీకు కూడా కలిపి తొక్కు పెడతాను, నువ్వు విడిగా శ్రమ పడకు.

నువ్వు పంపిన డబ్బా నిన్న అందింది. పరకాల బస్సు కండక్టరు ఖాజా పాషా ఎప్పటిలాగే జాగ్రత్తగా తెచ్చాడు. మీ బావ బస్టాండుకు వెళ్తే, "అన్నా, నీ మరదలు పంపిన డబ్బ తొవ్వ పొడుగూత నా ఒళ్ళెనే కూసున్నది, హాఫ్ టికెట్ కొట్టాల్నా" అన్నాడట.

పక్కింటి అనీస్ బేగం దీన్ని ఎట్లా చేస్తారని అడిగింది. పాల మీద కట్టిన మీగడను రోజూ తీసి దాచి, తోడు వేసి, పలచని గుడ్డలో మూట కట్టి దూలానికి వేలాడదీస్తామని, నీరంతా కారిపోయాక మిగిలేదే మూటమీగడ అని చెప్పాను. అది మా అమ్మ చేతి పని అనీ, పట్నంలో నాకు బర్రె లేదు కాబట్టి చెల్లెలు పంపుతుందనీ గొప్పగానే చెప్పుకున్నాను.

ఇక అసలు సంగతి. నువ్వు నొచ్చుకోకూడదు. ఈసారి మూటమీగడ మారింది.

నేను ఊరికే వంకలు పెట్టే మనిషిని కానని నీకు తెలుసు. మూత తీసిన వెంటనే చెంచాతో నొక్కి చూశాను. ఎప్పుడూ చెంచా దూదిలోకి దిగినట్టు దిగిపోయేది. ఈసారి ఆగి ఆగి దిగింది, పైకి లాగితే మైనంలా కొంచెం సాగింది. రుచిలో ఆ కమ్మదనం వెనక్కి పోయి, నాలుక చివర ఏదో తగులుతోంది. పులుపు కాదు. పులుపైతే ఎండ అనుకునేదాన్ని. మీ బావను తినిపించి అడిగితే "బాగానే ఉంది" అన్నారు. ఆయన ఉడకని పప్పును కూడా అలాగే అంటారు, కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదు.

గుడ్డ మార్చావా? తోడు ఎవరింటి నుంచైనా తెచ్చావా? బర్రెకు పత్తిగింజలు ఎక్కువ పెడుతున్నావా? నిదానంగా గుర్తు చేసుకుని రాయి. ఖాళీ గిన్నె తిప్పి పంపడం మన ఇంట లేదు కదా, డబ్బాలో బెల్లం పెట్టాను.

నీ అక్క,
సోమక్క

*

పరకాల దగ్గర, మన ఊరు
16 మార్చి 1979

అక్కకు,

చిలుకమ్మ రాసే సంగతులు. బెల్లం అందింది. నీ జాబు రెండుసార్లు చదివాను, మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి కొంచెం కోపం వచ్చింది. గుడ్డ అదే. తోడు అదే. దూలం కూడా అదే, కావాలంటే వచ్చి చూసుకో. పట్నం నల్లా నీళ్ళు తాగి తాగి నీ నాలుకే మారిందేమో అని మీ మరిది అంటున్నాడు.

పత్తిగింజలు పెట్టేంత భాగ్యం ఎక్కడిది అక్కా. మన చుక్కబర్రె గురించి నీకు పోయినసారే రాద్దామనుకుని ఆగాను. ఈని రెండేళ్ళు కావస్తోంది, మళ్ళీ చూడి కట్టలేదు. మా పెద్దబావ ఎల్లస్వామి దున్న దగ్గరికి రెండుసార్లు తోలాం, నిలవలేదు. పాలు రోజురోజుకూ తగ్గుతున్నాయి. "గొడ్డుదానికి కుడితి పోసుడంటే బాయిల పోసినట్టే" అని మీ మరిది పొద్దున లేస్తే అదే మాట. నేను విననట్టు ఊరుకుంటున్నాను. అమ్మ నా పెళ్ళికి ఇచ్చిన బర్రెకు ఇది మనవరాలు. అమ్మ చేతి నుంచి నా చేతికి వచ్చింది ఇదొక్కటే మిగిలింది. అది ఉంటేనే నీకు మూటమీగడ, నాకు పొద్దున్నే కొట్టంలోకి వెళ్ళి అమ్మను తలుచుకోవడానికి ఒక సాకు.

మళ్ళీ డబ్బా పంపుతున్నాను. ఈసారి మూట ఎక్కువసేపు వేలాడదీయలేదు, గట్టిగా ఉందన్నావు కదా. తిని మంచి మాట రాయి.

నీ చెల్లె,
చిలుకమ్మ

*

వరంగల్
1 ఏప్రిల్ 1979

చిలుకా,

నీ డబ్బా అందింది, నీ కోపం కూడా అందింది. రెండూ దాచుకున్నాను.

బర్రె సంగతి చదివి మనసు పాడయింది. మరిది రాయమల్లు మంచివాడే కానీ ప్రతిదానికీ లాభనష్టాల లెక్క వేస్తాడు. వాన పడి పచ్చిక లేచేదాకా ఓపిక పట్టమను, నేను చెప్పానని చెప్పు. కొన్ని బర్రెలు ఆలస్యంగా కడతాయి. మొగిలమ్మ పెద్దమ్మ బర్రెకు మూడేళ్ళు పట్టలేదా?

కానీ మూటమీగడ మాట మాత్రం నేను వదలను. తక్కువసేపు వేలాడదీశానన్నావు. అయినా పోయినసారి కంటే చిక్కగా ఉంది. దారంతో కోస్తే ముక్కలు నిలబడ్డాయి, అంచు చెదరలేదు. చూడ్డానికి ఎంత అందంగా ఉందంటే ఏ హోటలు వాడైనా పళ్ళెంలో పెట్టి అమ్ముకుంటాడు. నోట్లో పెట్టుకుంటే మళ్ళీ అదే, నాలుక చివర.

ఈసారి నేను ఒక్కదాన్నే న్యాయం చెప్పడం బాగుండదని అనీస్ బేగంకు ఏమీ చెప్పకుండా ఒక ముక్క పంపాను. ఆమె చక్కెర చల్లుకుని తింటుంది. సాయంత్రం గోడ మీదుగా పిలిచి, "సోమక్కా, మలాయిల జర నమక్ పడ్డట్టున్నది గదనే, చక్కెర డబ్బ అనుకోని ఉప్పు డబ్బ తీసినవా ఏంది" అంది. చూశావా? అప్పుడు నాకు ఆ తగిలేది ఏమిటో పేరు దొరికింది. ఉప్పు.

చెల్లె, ఎండలో చెడిపోతుందని ఉప్పు కలుపుతున్నావా? నీ ఉద్దేశం మంచిదే. కానీ అమ్మ మూటమీగడలో ఉప్పు వేసేది కాదు, తినేటప్పుడు రొట్టె పక్కన పెట్టుకునేవాళ్ళం. వెయ్యకు. చెడిపోతే నేను చెడిపోయిందే తింటాను.

డబ్బాలో చింతపండు పెట్టాను. కొత్తది, గింజ తీశాను.

సోమక్క

*

మన ఊరు
6 ఏప్రిల్ 1979

అక్కకు,

చింతపండు చాలా బాగుంది, సగం పక్కింటి సమ్మమ్మకు ఇచ్చాను.

నేను ఉప్పు వెయ్యలేదు. ఒక్క రవ్వ వెయ్యలేదు. నేను వేసి ఉంటే వేశానని చెప్పనా? నీకు పంపే వస్తువులో నీకు చెప్పకుండా ఏదైనా కలుపుతానా? ఈ మాట అనీస్ బేగం అంటే పడతాను, ఆమె ఎప్పుడూ నన్ను చూడలేదు. నువ్వు అనడం బాధగా ఉంది.

ఉన్న మాట రాస్తున్నాను. ఈ మధ్య పెరుగు ఆలస్యంగా తోడుకుంటోంది, పాలు తగ్గాయి, మీగడ మాత్రం మందంగా కడుతోంది. ఎండకాలం కదా అనుకున్నాను. మీ మరిది ఏమీ అనలేదు. ఆయన తాగేది చల్ల ఒక్కటే, అందులో ఉప్పు, పచ్చిమిరపకాయ వేసుకోకపోతే ముద్ద దిగదు. ఆయన్ను అడిగితే ఏం తెలుస్తుంది?

సరే, నీకు గట్టిది నచ్చడం లేదు. ఈసారి నీకు నచ్చేలా చేసి పంపుతాను. ఎట్లా చేశానో అడగకు.

చిలుకమ్మ

*

వరంగల్
15 ఏప్రిల్ 1979

చిలుకమ్మకు,

డబ్బా మూత తీశాను. మూటమీగడ పసుపు పచ్చగా ఉంది.

మెత్తగా ఉంది, అది నిజం. చెంచా పెడితే జారిపోయింది. ఉప్పు తగ్గింది. కానీ బర్రె మీగడ మల్లెపువ్వులా తెల్లగా ఉంటుందని, ఆవు పాలదైతేనే ఈ రంగు వస్తుందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మీ ఇంట్లో ఆవు లేదు.

అంటే చుక్కబర్రెను అమ్మేశారు. నేను బాధపడతానని చెప్పకుండా ఎవరింటి నుంచో ఆవు పాలు తెచ్చి మూట కట్టి పంపావు. మార్చిలో రుచి మారినప్పుడే అమ్మి ఉంటారని ఇప్పుడు అనిపిస్తోంది. నేను పిచ్చిదానిలా గుడ్డ గురించి, తోడు గురించి అడుగుతూ కూర్చున్నాను. ఆ బర్రె నీదే, కాదనను. కానీ అమ్మ కొట్టంలోది కదా. ఒక్క మాట నాకు రాయవలసింది.

నీ బావ డబ్బాలో ఏమైనా పెట్టమన్నారు. నా చేతులు ఆడలేదు. ఖాళీదే పంపుతున్నాను.

సోమక్క

*

మన ఊరు
18 ఏప్రిల్ 1979, బుధవారం

అక్కా,

ఖాళీ డబ్బా చూసి ఇంటి వెనక్కి వెళ్ళి ఏడ్చాను. ఖాజా పాషా కూడా డబ్బా ఊపి చూసి, "ఏందక్కా, ఇయ్యాల తేలికున్నది" అన్నాడు. ఏం చెప్పను?

బర్రెను అమ్మలేదు. ఇప్పుడే పొద్దుటి పాలు పిండి వచ్చి రాస్తున్నాను. కానీ అమ్మబోతున్నారు. మొగిలి అని బేరగాడు ఉన్నాడు, గొడ్డు బర్రెలను కొని కోతకు పంపుతాడు. పోయిన వారం వచ్చి బర్రెను చుట్టూ తిరిగి చూసి, డొక్కలో చెయ్యి పెట్టి నొక్కి, అక్కడికక్కడే బయానా డబ్బు మీ మరిది చేతిలో పెట్టాడు. ఆదివారం వచ్చి తోలుకుపోతాడు.

నీకు దాచినవి రెండున్నాయి. రెండూ రాస్తున్నాను, తర్వాత నువ్వు ఏమన్నా సరే.

మొదటిది. మొన్నటి డబ్బాలో సమ్మమ్మ వాళ్ళ ఆవు పాల మీగడ సగం కలిపాను. గట్టిగా ఉంది, ఉప్పగా ఉంది అని నువ్వు రాస్తుంటే ఏం చెయ్యాలో తెలియక అట్లా చేశాను. ఎట్లా ఉందో నేను నోట్లో వేసుకుని చూడలేను కూడా. ఎందుకంటే రెండోది ఉంది.

కార్తీకంలో మీ మరిది పల్లికాయ బండి కట్టుకుని కేసముద్రం యార్డుకు పోయాడు. ఆ తెల్లారే చుక్కబర్రె ఎదకొచ్చి అరవడం మొదలుపెట్టింది. పెద్దబావ దున్న దగ్గరికి మళ్ళీ తోలబుద్ధి కాలేదు. ఆ దున్న ముసలిదైందని ఊరందరికీ తెలుసు, మా ఇంట్లో ఆ మాట అనరాదు. అంటే పెద్దబావను అన్నట్టే. వాళ్ళ తండ్రి నాటి నుంచి ఆ ఇంటికి దున్నల మీదే పేరు. అందుకని సమ్మమ్మను తోడు తీసుకుని బర్రెను పరకాల పశువుల దవాఖానకు తోలుకుపోయి, దున్న లేకుండానే చూడి కట్టే సూది వేయించాను. అక్కడ వీరభద్రం సారు చాలా మర్యాదగా చేశాడు. మూడు నెలలకు తోలుకురా, చెయ్యి పెట్టి చూసి కట్టిందో లేదో చెప్తానన్నాడు. మీ మరిది మళ్ళీ ఊరు కదిలితే కదా నేను తోలుకుపోయేది. "దున్న మొఖం సూడని బర్రె ఎట్ల కడతదే" అని సూదుల సంగతి ఎవరు ఎత్తినా నవ్వే మనిషికి ఏమని చెప్పను? తర్వాత మళ్ళీ ఎదకు రాలేదు. దీని ఎద ఎప్పుడూ వరస తప్పిందే, ఆపైన ఎండకాలం వచ్చింది, అందుకని దాన్ని గుర్తు అనుకోలేదు.

సూది వేయించిన రోజే ఐనవోలు మల్లన్నకు మొక్కుకున్నాను. ఇది ఈని, ఆయన గుడికి పోయి మొక్కు చెల్లించేదాకా పాలు, పెరుగు, మీగడ నోట పెట్టనని. అప్పటి నుంచి నీకు పంపిన ఏ డబ్బాలోదీ నేను రుచి చూడలేదు. కొడుకు హాస్టల్లో, ఇంట్లో ఇద్దరమే. నువ్వు ఉప్పు అన్నప్పుడు నిజమో కాదో చూసుకునే దారి కూడా నాకు లేదు.

ఆలస్యం కాకుండా ఈ జాబును ఆ ఖాళీ డబ్బాలోనే పెట్టి ఖాజా పాషా చేతికి ఇస్తున్నాను. ఇప్పుడు చెప్పు, నేనేం చెయ్యాలి?

చిలుక

*

వరంగల్
19 ఏప్రిల్ 1979, గురువారం

నా బంగారు చెల్లె,

నీ జాబు చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాను. పొయ్యి మీద అన్నం మాడింది, మాడనీ.

సూది వేయించానని మార్చిలోనే ఒక్క ముక్క రాసి ఉంటే నేను ఆ రోజే చెప్పేదాన్ని. బర్రె కట్టలేదని నువ్వు రాస్తే నమ్మి, గుడ్డలో వెతికాను, తోడులో వెతికాను, ఉప్పు డబ్బాలో వెతికాను. బర్రె కడుపులో వెతకలేదు.

నీకు తెలిసి ఉండదు, నీకు పన్నెండేళ్ళు నిండకుండానే పెళ్ళయింది. నా పెళ్ళిదాకా అమ్మ పక్కన మూటలు కట్టింది నేను. చూడితో ఉన్న బర్రెకు సగం నెలలు నిండేసరికి పాలు తగ్గి చిక్కబడతాయి, ఉప్పు తేలుతుంది. తోడు సరిగ్గా పట్టదు. మూట కడితే మైనంలా సాగుతుంది. అమ్మ పొద్దున పాలు పిండుతూ వేలు ముంచి నాలుక మీద రాసుకునేది. ఉప్పు తగిలిందంటే, "ఇగ మూట బంద్, లోపల పిల్ల సొమ్ము అది" అని గుడ్డ ఉతికి అటక మీద పెట్టేసేది. దానికి చూడిపాలు అని పేరు. నేను ముప్పై ఏళ్ళుగా పట్నంలో ఉండి ఆ పేరే మర్చిపోయాను. నీ జాబులో కార్తీకం అని చదివిన క్షణాన అమ్మ వేలు కళ్ళ ముందుకు వచ్చింది. కార్తీకం నుంచి లెక్క వేసుకో. సరిగ్గా సరిపోతోంది.

నీ బర్రె కట్టింది చిలుకా. గొడ్డుది కాదు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఈ జాబు అందిన పూటే, ఆవు పాల చుక్క కలపకుండా, ఉప్పు లేకుండా, ఒట్టి మీగడ రాయమల్లు అరచేతిలో పెట్టు. చల్లలో కలపనివ్వకు, మిరపకాయ అందనివ్వకు. అతను కూడా బర్రెల మధ్య పుట్టి పెరిగినవాడే. నాలుకకు తెలుస్తుంది. తర్వాత సూది మాట నువ్వే చెప్పు. అతను అరిస్తే అరవనీ, ఆదివారం గడవాలి. మొగిలి చేతికి పలుపు మాత్రం పోనివ్వకు.

ఈ జాబును పోస్టులో వేస్తే సోమవారం వస్తుంది. మీ బావను ఇప్పుడే బస్టాండుకు పంపుతున్నాను. పరకాలదాకా తీసుకుపోకుండా మీ ఊరి స్టేజీ దగ్గర బస్సు ఆపి నీ చేతికే ఇవ్వాలని ఖాజా పాషాకు చెప్పమన్నాను. అనీస్ బేగం కూడా గోడ మీద నుంచే దువా చేస్తోంది, బర్రె కోసం దువా చేయడం తనకు మొదటిసారట.

ఖాళీ డబ్బా పంపినందుకు నన్ను తిట్టుకో. ఈసారి మూత పట్టనంత పెట్టాను.

సోమక్క

*

మన ఊరు
23 ఏప్రిల్ 1979, సోమవారం

అక్కా అక్కా,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను, నీకు వరస తప్పితే నచ్చదు.

శుక్రవారం మధ్యాహ్నం బస్సు మా స్టేజీ దగ్గర ఆగి హారన్ కొడుతూనే ఉంది. పొలాల్లో వాళ్ళంతా ఎవరికో ఏదో అయిందని పరుగెత్తుకొచ్చారు. ఖాజా పాషా మెట్టు మీద నిలబడి డబ్బా పైకెత్తి పట్టుకున్నాడు. "పైసింజర్లందరు నన్ను తిడుతాండ్రు, జల్ది పట్టుకోరాదే అక్కా" అన్నాడు. నేను అక్కడే నిలబడి చదువుకున్నాను.

ఆ సాయంత్రం మీ మరిది కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చోగానే అరచేతిలో మీగడ పెట్టాను. ఉప్పు అడిగాడు. ముందు ఇది తిను అన్నాను. నాలుక మీద వేసుకున్నాడు. ఇంకోసారి నాకాడు. కొంచెం సేపు దూలం వైపు చూశాడు.

"ఇవి సూడిపాలు గదనే" అన్నాడు.

నేను తల ఊపాను.

"ఏ దున్న?"

అప్పుడు చెప్పాను, అక్కా. కేసముద్రం నుంచి మొదలుపెట్టి మొక్కుదాకా అంతా చెప్పాను. ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చెయ్యి కడుక్కుని వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. శనివారమంతా నాతో మాట లేదు. అన్నం పెడితే తిన్నాడు, చల్ల పోస్తే గిన్నె పక్కకు జరిపాడు. ఇది అరుపు కంటే కష్టంగా ఉంది. ఆదివారం ఏం చేస్తాడో నాకు అంతు చిక్కలేదు. బయానా తీసుకున్నాక వెనక్కి ఇవ్వడం ఆయన ఇంటా వంటా లేదు.

ఆదివారం పొద్దున మొగిలి వచ్చాడు. కొత్త పలుపు తెచ్చుకున్నాడు. మీ మరిది కొట్టం ముందుకు వెళ్ళి నిలబడి, బయానా తీసి వాడి ముందు పెట్టి, "ఇయ్య" అన్నాడు. ఎందుకు ఇయ్యవంటే ఏమీ చెప్పలేదు. మొగిలి నవ్వి ఇంకో వంద ఎక్కువ ఇస్తానన్నాడు. ఈయన తల అడ్డంగా ఊపాడు. రెండు వందలన్నాడు. చివరికి జేబులో ఉన్నదంతా బయటికి తీశాడు.

అప్పుడు మీ మరిది మొదటిసారి నా వైపు చూశాడు. చూసి, మొగిలితో నిదానంగా అన్నాడు:

"కోతకు పోయే గొడ్డుబర్రెకు గింత రేటెక్కడిదిరా మొగిలీ? నువ్వు డొక్కల చెయ్యి పెట్టిన్నాడే నీకెర్కైంది గదా."

మొగిలి డబ్బులు జేబులో పెట్టుకున్నాడు. పలుపు భుజాన వేసుకుని, "యాపారం గదనే రాయమల్లన్నా, ఏమనుకోకు" అని నవ్వుకుంటూనే పోయాడు. నీ నాలుకకు, మొగిలి చేతికి తెలిసింది, పాలు పిండే నాకు తెలియలేదు. సమ్మమ్మ గోడ మీద నుంచి చూస్తూ నవ్వీ నవ్వీ కొంగు నోట్లో కుక్కుకుంది.

వాడు పోయాక మీ మరిది నా దగ్గరికి వచ్చాడు.

"సూదేపిచ్చినందుకు గాదే నాకు కోపం" అన్నాడు. "వరంగల్ల ఉన్న మా వదినె నాలికెకు తెల్సినంక, అంగట్ల తిరిగే మొగిలిగానికి తెల్సినంక, అందరికంటె ఆఖర్న నాకు తెల్వవట్టె. కోతకు నా చేత్తోని పంపుదునుగద."

నేను తప్పు నాదే అన్నాను. ఆయన వెళ్ళి బర్రెకు కుడితి పెట్టాడు.

ఇవాళ పొద్దున ఆయనే బర్రెను పరకాల దవాఖానకు తోలాడు, నేను వెనక నడిచాను. దారిలో పెద్దబావ ఎదురుపడి ఎక్కడికన్నాడు. "సూడి సూపియ్యనీకి" అని మాత్రం చెప్పి నడిచాడు. ఎవరి దున్నదో పెద్దబావ అడగలేదు. తన దున్నదే అనుకుని మీసం దువ్వుకున్నాడో ఏమో, నాకు తెలియదు, ఈయనా చెప్పలేదు.

వీరభద్రం సారు చెయ్యి పెట్టి చూస్తున్నంతసేపూ మీ మరిది కొమ్ములు పట్టుకుని నిలబడ్డాడు. ఆరో నెల నడుస్తోంది, పిల్ల మంచిగా ఉంది అన్నాడు సారు. నేను చెట్టు కింద కూలబడి నవ్వుతూనే ఉన్నాను, అక్కడున్న వాళ్ళు ఏమనుకున్నారో.

ఇక మూట బంద్. గుడ్డ ఉతికి అటక మీద పెట్టాను. నీకు డబ్బా రాదు, కోపగించుకోకు.

నీ చిలుక

*

మన ఊరు
4 అక్టోబర్ 1979, గురువారం

అక్కకు,

చుక్కబర్రె ఈనిన సంగతి ఖాజా పాషా చేత చెప్పి పంపాను, అంది ఉంటుంది. తల్లి, పిల్ల బాగున్నాయి. మగదుడ్డె. ఆడది అయి ఉంటే అమ్మ బర్రె వంశం ఇంకో మెట్టు ఎక్కేదని నీకు ఉంటుంది, నాకూ ఉంది. చూడగానే నా మొహం కొంచెం వాడినట్టుంది, మీ మరిది పసిగట్టాడు. దుడ్డెను గడ్డితో తుడుస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు:

"మళ్ళ ఎదకొచ్చిన్నాడు నాకు చెప్పు. నేనే తోలుకపోత దవాఖానకు."

అంతే అన్నాడు. నాకు అది చాలు.

జున్ను ఊరంతా పంచాం, నేను తినలేదు. మొక్కు తీరాకే కదా. ఈ ఆదివారం ఐనవోలు పోదామని ఈయనే అన్నాడు. దసరా వెళ్ళింది, పత్తి ఏరడం ఇంకా మొదలు కాలేదు, ఇప్పుడే తీరిక.

అటక మీద నుంచి గుడ్డ దింపి నిన్న మొదటి మూట కట్టాను. నీళ్ళు బాగా కారాయి. చూడ్డానికి తెల్లగా, చెంచా పెడితే దిగేలా ఉంది. అంతవరకే నేను చెప్పగలను. మొదటిది నీకే పంపుతున్నాను. తిని, ఎట్లా ఉందో ఉన్నదున్నట్టు రాయి. ఈసారి నేను కోపం తెచ్చుకోను.

నీ చెల్లె,
చిలుకమ్మ

*

వరంగల్
5 అక్టోబర్ 1979, శుక్రవారం

చిలుకా,

డబ్బా అందింది. ఐనవోలు మీకు దూరం కానీ మాకు దగ్గరే. ఆదివారం పొద్దున మేమిద్దరం మొదటి బస్సుకు బయలుదేరుతున్నాం. రొట్టెలు చేసి తెస్తాను, అనీస్ బేగం పచ్చిమిరపకాయలు వేయించి ఇస్తానంది. మీరు దర్శనం చేసుకుని బయటికి వచ్చేసరికి గుడి ముందు మెట్ల దగ్గర ఉంటాం. రాయమల్లుకు ఉప్పు కావాలంటే తనే తెచ్చుకోమను, నేను తేను.

డబ్బాను తడి ఇసుకలో పెట్టి పైన తడిగుడ్డ కప్పాను. మీ బావ మూడుసార్లు దాని చుట్టూ తిరిగారు, చెయ్యి వెయ్యనివ్వలేదు. నేను కూడా మూత తియ్యలేదు. చెంచా ముంచలేదు, దారంతో కొయ్యలేదు, నాలుక మీద పెట్టలేదు. ఇన్నాళ్ళూ నువ్వు పంపితే నేను తిని చెప్పాను.

ఇది ఎట్లా ఉందో ఆదివారం నువ్వు తిని నాకు చెప్పు.

సోమక్క